బర్రెలామె ఎండాకాలం

మా వీధి మొగదల ఒక ఏటీఎం గది ఉంది. దాని అద్దాల తలుపు కింద బెత్తెడైనా లేని సందు. ఆ సందులోంచి కారే చల్లగాలికి ముక్కు ఆనించి ఒక ఎర్రకుక్క మధ్యాహ్నమంతా పడుకుంటుంది. మొన్న డబ్బు తీసుకోవడానికి వచ్చిన కుర్రవాడొకడు దాన్ని చెప్పుకాలితో పక్కకు నెట్టాడు. అది లేచింది. అతను లోపలికి పోయేదాకా ఆగింది. మళ్లీ వచ్చి అక్కడే పడుకుంది. మొరగలేదు, పళ్లు చూపలేదు. కోపం రావాలన్నా ఒంట్లో కాస్త సత్తువ మిగలాలి కదా.

నాకు బర్రెలామె గుర్తుకొచ్చింది. ఈ కుక్కనే కాదు, దీని తల్లిని కూడా ఆమె ఎరుగు. ఒకసారి ఆ గది కాపలాదారు కర్ర ఎత్తితే, నెత్తిన గడ్డిమోపుతో నడిరోడ్డు మీద నిలబడి అరిచింది.

"దాన్నెందుకు కొడతావు నాయనా? కార్డు లేదు గానీ దానికీ ఈడ ఖాతా ఉండాది."

కాపలాదారు నవ్వి కర్ర దించాడు. ఆమె నవ్వలేదు. హాస్యం ఆడుతున్నానని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఆమెకొక పేరుండేది. రేషన్ షాపువాడికి తప్ప ఎవరికీ అక్కరలేని పేరు. వీధికంతటికీ ఆమె బర్రెలామె. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది కాబట్టి నేను అక్కా అనేవాణ్ని. ఆమె నన్ను అబ్బయా అనేది. పోయిన వానల్లో పోయింది. "ఎండాకాలం చావకూడదబ్బయా, మోసే నలుగురికీ కాళ్లు కాలతాయి" అంటూ ఉండేది. మోసినవాళ్ల కాళ్లు కాలలేదు. మోకాలి లోతు మురుగునీళ్లలో నడిచి మోశారు. ఈ ఊళ్లో చావడానికి మంచి రుతువంటూ మనం మిగల్చలేదు.

ఆమెను తలుచుకుంటే నాకు ముందుగా కనబడేది ఆమె అరచేయి. బర్రెల్ని రోడ్డు దాటించే ముందు వంగి తారు మీద అరచేయి ఆనించేది. మనం దోసెల పెనం మీద నీళ్లు చిలకరించి చూసినట్టు. చేయి నిలిస్తే బర్రె నిలుస్తుంది, చేయి వెనక్కొస్తే బర్రె కూడా వెనక్కే. తరువాత అదే చేత్తో బర్రె చెవి మొదలు పట్టుకుని వేడి చూసేది. పక్కనే మనిషి ఉంటే ఆ మనిషి నుదురు కూడా చూసేది, అడగకుండా. ఒకసారి కరెంటు బిల్లు కట్టే వరసలో నా నుదుటి మీద చేయి వేసి, "నువ్వింటికి పో. నీకంటే నా బర్రె నయంగా ఉండాది" అంది. వరసలో అందరూ నవ్వారు. ఆ చేతికి పేడ ఉంది. నేను కడుక్కోవడం కూడా మరచి ఇంటికి పోయి పడుకున్నాను.

పాలల్లో నీళ్లు కలుపుతావని ఎవరైనా అంటే ఆమెకు కోపం రాదు. "ఎండాకాలం నేను కలపనమ్మా. బర్రే కలుపుకుంటాది. బాన నీళ్లు తాగి చెంబుడు పాలిస్తాది, అవి పల్చగుండక ఏముంటాయి?" అనేది. వానాకాలం సంగతేమిటని ఎవరో అడిగారు. "వానాకాలం వాన కలుపుతాది" అని చెంబు బోర్లించి వెళ్లిపోయింది.

నెల్లూరులో నేను డెబ్బైకి పైగా ఎండాకాలాలు చూశాను. నిప్పులు చెరిగిన రోజులు అప్పుడూ ఉన్నాయి. మే నెల కత్తిరి ఎండలంటే మా చిన్నప్పుడూ భయమే. కాని పొద్దు వాలేసరికి సముద్రం మీద నుంచి గాలి తిరిగేది. ఇప్పుడూ ఆ గాలి వస్తుంది. వచ్చి అపార్టుమెంట్ల గోడలకు తల కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది. రోడ్డంటే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సిమెంటు పోయడమేనని మన ఇంజనీర్లకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. గడ్డిపోచ మొలవడానికి వేలెడు మన్ను వదలరు. పగలంతా తాగిన ఎండను ఆ సిమెంటు రాత్రంతా కక్కుతుంది. మనుషులు తలుపులు బిగించుకుని మిషన్లు వేసుకున్నారు. లోపలి వేడిని బయటికి తోశారు. బయట ఎవరున్నారని ఎవరూ అడగలేదు.

బయట ఉన్నవి అవే దారులు వెతుక్కున్నాయి. ఉడుత సెల్‌ఫోన్ల షాపు ముందు పాలరాతి మెట్టు మీద నాలుగు కాళ్లూ చాపి, తోలు ఆరబెట్టినట్టు పడుకుంటుంది. ఆవులు ఫ్లైఓవర్ కిందికి చేరి, నీడ జరిగితే అవీ జరుగుతాయి. కాకి నోరు తెరుచుకుని కూర్చుంటుంది, అరవదు. మధ్యాహ్నం కాకి అరుపు విని ఎన్నేళ్లయిందో. ఇంతకుముందు పొద్దుటి పూట మేసి మధ్యాహ్నం నీళ్లలో పడుండే బర్రెలు, చీకటితో లేచి మేసి, పొద్దెక్కేసరికి గోడవారలకు చేరడం నేర్చాయి. జంతువులు అలవాటు పడిపోతున్నాయిలే అని మా వీధి పెద్దమనిషి ఒకాయన సంబరపడ్డాడు. మెడ మీద కాలేసి తొక్కినవాడు కూడా, కిందున్నవాడు కదలడం లేదు కాబట్టి అలవాటు పడ్డాడనే అనుకుంటాడు.

బర్రెకు ఎండంటే మనకున్నట్టు కాదు. నల్లతోలు, చెమట తక్కువ. నీళ్లలో మునిగితేనే దాని ఒళ్లు చల్లబడుతుంది. మా పేట వెనక ఒక గుంట ఉండేది. బర్రెలామెకు ఏడెనిమిది బర్రెలున్న రోజుల్లో మధ్యాహ్నం ఆ గుంటలో కొమ్ములూ ముక్కులూ తప్ప మరేమీ కనబడేవి కావు. ఆ గుంటకు మన్ను తోలారు. ప్లాట్లు వేశారు. రాళ్లు పాతిన రోజున బర్రెలు అలవాటుగా అక్కడికి పోయి, మన్ను వాసన చూసి, పొద్దు వాలేదాకా అక్కడే నిలబడ్డాయి. ఆ ఏటి నుంచి ఆమె ఒకటొకటిగా అమ్మేసింది. చివరికి ఒకటే మిగిలింది, ఒక కొమ్ము వంకరగా చెవి మీదికి వాలిన నల్లబర్రె. అదీ రెండేళ్లు వట్టిపోయింది. ఎండలు ముదిరితే బర్రె ఎదకు వచ్చినా పైకి తెలియదు, అరవదు, ఆ అదను దాటిపోతుంది. "దానికీ సిగ్గేసిందబ్బయా, ఈ ఎండలో ఈ పనేందని" అనేది ఆమె.

మూడో ఏట తొలి వానలకు అది కట్టింది. చూడి నిలిచింది. ఆమె వీధిలో ఇంటింటికీ తిరిగి చెప్పింది, మనవరాలు కడుపుతో ఉన్నట్టు. లెక్క చూసుకుంటే ఈనేది సరిగ్గా కత్తిరి ఎండల్లో. ఆ లెక్క తేలిన రోజు నుంచి ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"ఇది గట్టెక్కితే నేను బర్రెలామెను. లేకుంటే ఉత్త ముసల్దాన్ని" అంది నాతో. ఆమె బతుకంతా ఆ మాటలోనే ఉంది. చుట్టూ నీళ్లు లేని వీధిలో, నిండు చూడి బర్రెను ఎండ దాటించాలి. అంతే.

ముందు గోనెసంచులతో మొదలు పెట్టింది. తడిపి బర్రె వీపున కప్పేది. అవి ఆరేలోగా ఇంకో రెండు తడిపేది. కార్పొరేషన్ నీళ్లు రోజు మార్చి రోజు. తన స్నానం మానుకుంది. తరువాత ఒకరోజు బర్రే దారి చూపింది. కట్టు తెంచుకుని పోయి, కొత్త అపార్టుమెంటు వెనక సందులో, ఏసీల గొట్టాల్లోంచి నీళ్లు చుక్కలుగా పడే చోట వెన్ను పెట్టి నిలబడింది. ఆమె వెతుక్కుంటూ వచ్చి చాలాసేపు చూసింది. నన్ను పిలుచుకొచ్చి చూపింది.

"ఈ నీళ్లు ఏందబ్బయా?"

"గాలిలో ఉండే నీళ్లే అక్కా. మిషను గాలిని చల్లబరిస్తే అందులోని తేమ నీళ్లయి కారుతుంది." నేను బడికి పోయింది తక్కువే. ప్రెస్సులో అచ్చు అక్షరాలు కూర్చుతూ కూర్చుతూ ఇలాంటివి కొన్ని పట్టుకున్నాను.

"గాలిలో నీళ్లుంటే మన గుంట ఎందుకు పోయింది?"

"గుంట ఎండిపోలేదు గదా, మన్ను పోశారు."

"నువ్వేం చెప్పినా సరే, ఇది మిషను చెమట. పైన పోసుకోవచ్చు, తాగకూడదు."

చివరిదాకా ఆ నీళ్లు బర్రెను తాగనివ్వలేదు. బర్రె నాలుక చాపితే మూతి మీద కొట్టేది. నేను ఎన్ని చెప్పినా ఆమె మాటే ఆమెది. సెల్‌ఫోన్ల టవర్ల వల్లే ఎండలు పెరిగాయని కూడా నమ్మేది. నాతో వాదించి ఓడిపోయిన రోజు నాకు పాలు పోసేది కాదు.

ఏసీ కింద నిలబెడితే సరిపోదని తెలుసు. బర్రెకు మునక కావాలి. అప్పుడే ఆమెకు పుట్టిల్లు గుర్తుకొచ్చింది. అల్లూరు పక్కన, సముద్రం దగ్గరి పల్లె. "మా ఊళ్లో నీళ్లకేం కరువు? చిన్నప్పుడు మా బర్రెలు గుంటలోంచి బయటికి రమ్మంటే వచ్చేవి కావు. ఈనేదాకా ఆడ ఉంచుతా. నువ్వూ రా అబ్బయా, నా తమ్ముడికి నీ మాటంటే గురి" అంది. ట్రాలీ ఆటో మాట్లాడుకుని పొద్దున్నే బయలుదేరాం. దారంతా ఆమె ట్రాలీలో బర్రె పక్కనే నిలబడి, ఆ గుంట ఎట్లా ఉండేదో బర్రెకు చెబుతూ వచ్చింది.

నీళ్లకు కరువు లేదు, నిజమే. ఊరి చుట్టూ నీళ్లే. వరి కయ్యల్లో నీళ్లు, గుంటలో నీళ్లు, ఆమె అమ్మగారి పెరట్లో నీళ్లు. అన్నీ రొయ్యల గుంటలు. చుట్టూ వల, పైన కొంగలు వాలకుండా దారాలు, నీళ్లలో గిరగిరా తిరిగే ఫ్యాన్లు. గట్టు ఎక్కే చోట ఊదారంగు మందునీళ్ల తొట్టి. ఆమె తాను పుట్టిన నేల మీద కాలు పెట్టబోతే తమ్ముడు ఆపాడు.

"అక్కా, కాళ్లు అందులో ముంచి రా. తెగులు వస్తాది."

"నా కాళ్లకా?"

"రొయ్యలకక్కా."

ఆమె ముంచింది. ఊదా పాదాలతో గట్టు మీద నిలబడి నాలుగు దిక్కులా చూసింది. తమ్ముడు మంచివాడే. అన్నం పెట్టించాడు. "పది రోజులుండు, నెల ఉండు. నీ ఇల్లే గదా. బర్రెను మాత్రం ఆ తుమ్మచెట్టు కింద కట్టు. గట్టెక్కకూడదు. పిల్ల వదిలి వారం కూడా కాలేదక్కా" అన్నాడు. పిల్ల అంటే వెంట్రుక ముక్కల్లాంటి రొయ్యపిల్లలు.

మేము అన్నం తింటుంటే కేకలు వినబడ్డాయి. బర్రె తాడు తెంచుకుంది. ఎన్నేళ్ల తరువాతో కళ్లెదుట అన్ని నీళ్లు కనబడితే అది మాత్రం ఏం చేస్తుంది? వల చించుకుని, గట్టు దిగి, కడుపు మునిగేదాకా పోయింది. పోయి, తిరిగే ఫ్యాను ముందు ఆగి, ఎగిరే నీళ్ల కింద ముఖం పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఎవరో పరుగెత్తి కరెంటు తీశారు. తమ్ముడు తల పట్టుకున్నాడు.

"పిలువక్కా! నీ గొంతయితే వస్తాది, పిలువు!"

ఆమె గట్టు మీద నిలబడి చూస్తూ ఉంది. పిలవలేదు.

"రవ్వసేపు ఉండనీరా" అంది.

"అక్కా, నా పంట!"

"తెలుసురా. రవ్వసేపే. కడుపు మునిగి ఎన్నేళ్లయిందో దానికి."

తమ్ముడు నా వైపు చూశాడు. ఇద్దరిలో ఎవరిది న్యాయమో నాకు ఇప్పటికీ తేలలేదు. చివరికి ఆమె నాలుకతో ఒక చప్పుడు చేసింది. బర్రె కళ్లు తెరిచి, ఇంకోసారి మూతి ముంచి, బయటికి వచ్చింది. సాయంత్రం అదే ఆటోలో వెనక్కి బయలుదేరాం. ఆటో అతను నవ్వుతూ, "ఏందక్కా, పుట్టింట్లో ఒక రోజు కూడా నిలవనీలేదే బర్రెను!" అన్నాడు. బర్రె ఒళ్లంతా బురద. మా నలుగురిలో ఆ రోజు చల్లగా ఉన్నది అదొక్కటే.

"పల్లెలో నీళ్లన్నీ రొయ్యలవబ్బయా. మురుగునీళ్లూ మిషను చెమటే మనవి" అంది ఆమె చాలా దూరం వచ్చాక. ఆ పంట ఏమైందో తమ్ముడు చెప్పలేదు. ఈమె అడగలేదు.

మళ్లీ అపార్టుమెంటు వెనక సందే గతి. ఈసారి తెల్లారకముందే తీసుకొచ్చి, పొద్దు గుంకేదాకా అక్కడే ఉండేది. ఆ అపార్టుమెంటు సెక్రటరీ గారు వచ్చారు. పెద్ద ఉద్యోగం చేసి దిగిన మనిషి, తెల్లచొక్కా, మర్యాదగానే మాట్లాడారు.

"ఇది జనం ఉండే చోటమ్మా. పేడ, ఈగలు, వాసన. ఎవరు ఎత్తుతారు?"

"నేనే ఎత్తుతా ఉండా గదా సార్. మీ తెల్లకుక్క మెట్ల మీద చేసేది ఎవరు ఎత్తుతా ఉండారు?"

"దానికీ దీనికీ పోలికేమిటి?"

"ఏముండాది సార్. మీ కుక్క ఏసీ లోపల పడుకుంటాది. నా బర్రె ఏసీ బయట పడుకుంటాది. మిషను ఒకటే."

ఆయన ముఖం ఎర్రబడింది. ఏసీ గొట్టాలన్నీ కలిపి ఒకే పైపులో వేసి, నేరుగా కాలవలోకి దింపించేస్తానన్నారు. దింపిస్తే అడిగేవాడు లేడు. నీళ్లు ఆయనవి కావు, గాలివి. పైపు మాత్రం ఆయనది. ఈ దేశంలో ఎవరికి ఏది దక్కాలో తేల్చేది పైపే కదా. ఆమె ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "ఈనినాక జున్నుపాలు ముందు ఆయనకే పోస్తానని చెప్పమంటావా?" అని అడిగింది. ఆ గొంతులో అంత బెదురు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

ప్లంబరు వచ్చాడు. గోడ వైపు తలెత్తి చూశాడు. ఇనుప నిచ్చెన ముట్టుకుని చేయి వెనక్కి లాక్కున్నాడు. "ఈ ఎండలో పైకెక్కితే పైపులో నేనే కారతా సార్. చల్లపడినాక వస్తా" అని వెళ్లిపోయాడు. ఆ రోజు చల్లపడలేదు, మర్నాడూ పడలేదు. ఆ ఎండే మాకు వాయిదా ఇచ్చింది.

ఆ మర్నాటి మధ్యాహ్నమే బర్రెకు నొప్పులు వచ్చాయి. సందులో పిల్లి కూడా లేదు. బర్రె లేచేది, తిరిగేది, పడుకునేది, నోటి వెంట నురగ. ఆమె తల దగ్గర కూర్చుని చెవి మొదలు పట్టుకుంది. నేను గొడుగు పట్టాను, దాని నీడ బర్రె ముఖానికే చాలలేదు. గోనెసంచులు తడుపుదామంటే బిందెలో అడుగు కనబడుతోంది. పైనుంచి రెండే రెండు గొట్టాలు కారుతున్నాయి, అవీ చుక్కా చుక్కా.

"ఏందక్కా, చెవి ఎట్టుంది?"

"మాట్లాడబాక" అంది.

పైన ఒక కిటికీ తెరుచుకుంది. కొత్తగా పెళ్లయి వచ్చిన అమ్మాయి తల బయటికి పెట్టింది.

"అమ్మా, మా ఏసీ కూడా వేసేదా? నీళ్లొస్తాయి కదా!"

బర్రెలామె తలెత్తి చూసింది. "వేయమ్మా, నీ కడుపు చల్లగుండ. ఆ వేడిగాలి మూతి మాత్రం ఇటు తిప్పబాక తల్లీ!"

మూతి తిప్పడం ఆ పిల్ల చేతిలో ఉంటుందా? మిషను మొదలైంది. కాసేపటికి గొట్టంలోంచి చుక్క పడింది. పక్క కిటికీవాళ్లు కూడా వేసినట్టుంది, ఇంకో చుక్క. పైనుంచి చల్లటి చుక్కలు, పక్కల నుంచి నిప్పుగాలి. దాన్నీ దీన్నీ ఒకే మిషను ఇస్తుంటే దేన్ని తిట్టాలో తెలియక నేను గొడుగు అటూ ఇటూ మార్చుతూ నిలబడ్డాను. సెక్రటరీ గారు బాల్కనీలోకి వచ్చారు. చూశారు. లోపలికి పోయారు. ఆయన గొట్టం కూడా కారసాగింది. అది బర్రె కోసమో, ఆయనకే ఉక్కపోసిందో నేను చెప్పలేను.

ముందు గిట్టలు కనబడ్డాయి, వాటి మీద మూతి. ఆమె లేచి వెనక్కి పోయి, రెండు చేతులా పట్టుకుని, బర్రె ముక్కినప్పుడల్లా తానూ ముక్కుతూ లాగింది. ఒక్క ఉమ్మనీటి వెల్లువతో దూడ ఆ తడినేల మీద జారిపడింది. కదల్లేదు. ఆమె దాని ముక్కుల్లో వేలు పెట్టి జిగురు తీసింది, నోట్లో వేలు పెట్టి తీసింది, పక్కటెముకల మీద గడ్డితో రుద్దింది. బర్రె తల తిప్పి చూసే ఓపిక కూడా లేక రొప్పుతోంది. కిటికీలన్నీ తెరుచుకున్నాయి. లోపలి చల్లదనమంతా బయటికి పోతోందని ఎవరూ అనలేదు.

దూడ తుమ్మింది.

"ఏం దూడమ్మా?" అని పైనుంచి ఆ పిల్ల అరిచింది.

ఆమె దూడ కాలెత్తి చూసింది. "దున్నపోతమ్మా!" అంది. పెయ్యదూడ అయితే రేపటి పాలు. దున్నకు ఈ ఊళ్లో పని లేదు, గడ్డి లేదు, చోటు లేదు. బర్రె మాత్రం ఎలాగో మెడ సాచి దాన్ని నాకడం మొదలుపెట్టింది. బర్రెలామె బర్రె చెవి మొదలు పట్టుకుని చూసి, చాన్నాళ్ల తరువాత నవ్వింది. తరువాత ఆ తడి సిమెంటు మీదే చతికిలబడి, దూడ తల ఒళ్లో పెట్టుకుని, కొంగుతో దాని కళ్లు తుడిచి, దాన్ని అడిగింది.

"ఇన్నాళ్లూ నీళ్లలో ఉండావు గదరా నాయనా. ఈ ఎండలోకి ఏం చూసి వచ్చినావురా?"